సహజవాయువుతో నడిచే బస్సు

గౌతమి, వసిష్ఠ పాయల నడుమ సముద్రం వైపు విచ్చుకొన్న విసనకర్ర వంటి నేల కోనసీమ. ఆ విసనకర్ర పిడికి చేరువలో, కొత్తపేట మండలంలో, ఉమాకొప్పేశ్వరస్వామి ఆలయం వలన ప్రసిద్ధి పొందిన పలివెల గ్రామం ఉన్నది. తెల్లవారకముందే ఈ ప్రాంతపు దారులు మేలుకొంటాయి. రావులపాలెం మార్కెట్టుకు అరటిగెలలు, అంబాజీపేట మార్కెట్టుకు కొబ్బరికాయలు మోసే బండ్లు ఒకవైపు, కళాశాలలకు, కచేరీలకు పోయేవారితో నిండిన బస్సులు మరొకవైపు సాగుతూ ఉంటాయి. కోటిపల్లి – నరసాపురం రైలుమార్గం నిర్మాణం ఏళ్ల తరబడి సాగుతూనే ఉన్నది కనుక కోనసీమ నడిబొడ్డున మనిషి కదలాలన్నా, సరుకు కదలాలన్నా రోడ్డే దిక్కు. రోడ్డు మీద బండి కదలాలంటే డీజిలు కావాలి.

ఆ డీజిలు ఎక్కడిది? మన దేశం వాడుకొనే ముడిచమురులో నూటికి ఎనభై పాళ్లకు పైగా విదేశాల నుండి ఓడలలో వస్తున్నది. ఎక్కడో ఎడారి దేశంలో పుట్టిన చమురు సముద్రాలు దాటి, శుద్ధి కర్మాగారాలలో మరిగి, ట్యాంకర్లలో ప్రయాణించి, చివరకు పలివెల మీదుగా పోయే బస్సు కడుపులో పడుతున్నది. ఇదే నేల అడుగున మాత్రం బండిని నడపగల మరొక ఇంధనం కోట్ల సంవత్సరాలుగా నిక్షిప్తమై ఉన్నది. అదే సహజవాయువు. దానిని వెలికితీసి నాలుగు దశాబ్దాలు దాటినా అది మన బస్సులోకి రావడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? దీనికి సమాధానం కొంత ఇంజను నిర్మాణంలోను, కొంత పరిపాలనలోను ఉన్నది. ముందుగా ఇంజను సంగతి చూద్దాం.

సహజవాయువులో ప్రధానాంశం మీథేను. ఒక కర్బన పరమాణువు, నాలుగు ఉదజని పరమాణువులు కూడిన అతి సరళమైన పదార్థమిది. దీనికి రంగు లేదు, వాసన లేదు. వంటింటికీ, వాహనాలకూ అందించేటప్పుడు కారితే తెలిసేటందుకై మెర్కాప్టాను అనే ఘాటైన పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు. మనం గ్యాసు వాసన అనుకొనేది నిజానికి ఆ మెర్కాప్టాను వాసనే. మీథేను గాలికంటె తేలిక. దాని బరువు గాలి బరువులో సగానికి కొంచెం ఎక్కువ. గాలిలో దాని పాలు నూటికి అయిదు మొదలు పదిహేను వరకు ఉన్నప్పుడే అంటుకొంటుంది. అంతకు తక్కువైనా, ఎక్కువైనా మండదు. ఈ గుణాలను గుర్తుంచుకొంటే తరువాత చెప్పబోయే విషయాలు సులభంగా బోధపడతాయి.

వాయువుతో ఇంజను నడపడం నేటి ఆలోచన కాదు. నిజానికి ఇంజను పుట్టిందే వాయువుతో. 1860లో లెన్వార్ అనే ఫ్రెంచి దేశ నివాసి తయారుచేసిన ఇంజను, 1876లో జర్మనీ దేశస్థుడైన ఆటో రూపొందించిన నాలుగు ఘట్టాల ఇంజను బొగ్గు నుండి తీసిన వాయువుతోనే నడిచాయి. ఆ వాయువు అప్పటికే నగరాలలో వీధిదీపాల కోసం గొట్టాలలో ప్రవహిస్తూ ఉండేది. అయితే గొట్టానికి కట్టివేసిన ఇంజను కర్మాగారంలో పనిచేయగలదు గాని దారిన పోలేదు కదా! ఒక డబ్బాలో పోసుకొని వెంట తీసుకుపోగల పెట్రోలు, డీజిలు వచ్చిన తరువాత వాహనరంగంలో వాయువు వెనుకబడిపోయింది. వాయువు ఓడిపోయింది గుణంలో కాదు, మోసుకుపోయే సదుపాయంలో. ఆ తరువాత సాగిన కృషి అంతా ఈ ఒక్క లోపాన్ని సవరించడానికే అన్నా తప్పు లేదు.

యుద్ధాలు వచ్చినప్పుడు మాత్రం లోకం మళ్లీ వాయువును తలచుకొన్నది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఇంగ్లండులో కొన్ని బస్సుల పైకప్పు మీద పరుపుల వంటి పెద్ద సంచులను కట్టి, వాటిలో బొగ్గువాయువు నింపి నడిపారు. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరువైనప్పుడు తెలుగునాట బొగ్గు బస్సులు తిరిగాయి. బస్సు వెనుక ఒక పొయ్యి వంటి పీపా, అందులో కట్టెబొగ్గు, నిప్పు రాజేయడానికి చేతితో తిప్పే చక్రం. బొగ్గు అరకొరగా మండడం వలన పుట్టే వాయువే ఇంజనుకు ఆహారం. బయలుదేరడానికి ముందు క్లీనరు చెమటలు కక్కేలా చక్రం తిప్పవలసి వచ్చేది. ఎత్తు ఎక్కలేక బండి నిలిచిపోతే ప్రయాణికులు దిగి తోయవలసి వచ్చేది. ఆ కాలపు పెద్దలు వాటిని తలచుకొని నవ్వేవారు. కాని ఇంజనుకు కావలసింది పెట్రోలే కానక్కరలేదని తెలుగువారికి ప్రత్యక్షంగా చూపినవి ఆ బస్సులే.

ఇప్పుడు బస్సులలో, లారీలలో ఉండే డీజిలు ఇంజను ఎట్లా పనిచేస్తుందో చూద్దాం. డీజిలు ఇంజనులో స్పార్కుప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని దాని మొదటి పరిమాణంలో పదిహేడవ వంతుకు కుదిస్తుంది. అంతగా కుదించిన గాలి భగ్గుమనేటంత వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి డీజిలును సన్నని తుంపరగా చిమ్మితే తనంతట తానే అంటుకొంటుంది. డీజిలు సుమారు 210 డిగ్రీల సెల్సియస్ వద్దనే స్వయంగా మండగలదు కనుక ఇది సాధ్యమవుతున్నది. మీథేను అట్లా కాదు. స్వయంగా అంటుకోవడానికి దానికి దాదాపు 540 డిగ్రీలు కావాలి. అందులోనూ ఇంజనులో దొరికే సమయం రెప్పపాటులో ఎన్నో వంతు! కాబట్టి డీజిలు స్థానంలో ఊరక సహజవాయువును పంపితే ఇంజను నడవదు. మొండి విద్యార్థికి చురక అంటించినట్లు దానికి నిప్పురవ్వ కావాలి.

ఈ మొండితనంలోనే ఒక మేలు కూడ ఉన్నది. తొందరపడి అంటుకోని ఇంధనాన్ని ఎక్కువగా కుదించవచ్చు. ఈ ఓర్పును కొలిచే కొలబద్ద ఆక్టేన్ సంఖ్య. సాధారణ పెట్రోలుకంటె మీథేనుకు అది చాలా ఎక్కువ; 120 దాటుతుంది. పెట్రోలు ఇంజనులో మిశ్రమాన్ని సుమారు పదవ వంతుకు కుదిస్తే, సహజవాయువు ఇంజనులో పదకొండు, పన్నెండవ వంతుకు కుదించవచ్చు. టర్బోఛార్జరుతో గాలిని అదనంగా నెట్టవచ్చు. ఎంత కుదిస్తే ఇంధనం నుండి అంత ఎక్కువ పని రాబట్టుకోగలం. అయినప్పటికీ డీజిలుకు సాధ్యమైన పదిహేడవ వంతును ఇది అందుకోలేదు. ఆ మేరకు వాయు ఇంజను డీజిలు ఇంజనుకంటె కొంత వెనుకబడే ఉంటుంది.

కాబట్టి ఒక డీజిలు ఇంజనును వాయు ఇంజనుగా మార్చాలంటే డీజిలు చిమ్మే ముక్కును తీసి అక్కడ స్పార్కుప్లగ్గు అమర్చాలి. పిస్టన్ తలభాగాన్ని లోతుగా మలచి కుదింపును తగ్గించాలి. గాలి, వాయువు తగిన పాళ్లలో కలిసి లోపలికి పోవడానికి ద్వారం వద్ద ఒక రెక్కను బిగించాలి. ఇంతటితో పని అయిపోలేదు. డీజిలులో కొద్దిపాటి జిడ్డు ఉంటుంది; అది భాగాలను తడిపి అరుగుదలను కొంత ఆపుతుంది. వాయువు పొడి ఇంధనం. పైగా వాయు ఇంజను నుండి వెలువడే పొగ డీజిలు పొగకంటె వేడి. అందువలన వాల్వులు, అవి కూర్చొనే గద్దెలు గట్టి లోహంతో చేయకపోతే త్వరలోనే అరిగిపోతాయి. మార్పిడి చేసిన పాత ఇంజనులు కొద్ది నెలలలోనే మొరాయించడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఇంధనాన్ని మార్చడమంటే తొట్టిని మార్చడం కాదు, ఇంజను స్వభావాన్నే మార్చడం.

గాలి, వాయువు కలిసే పాళ్ల విషయం మరింత ఆసక్తికరమైనది. ఒక కిలో మీథేను పూర్తిగా మండడానికి సుమారు 17 కిలోల గాలి కావాలి. తొలినాటి వాయు ఇంజనులలో ఈ కలయిక ఒక సామాన్యమైన మిక్సరు ద్వారా జరిగేది. బండి వేగం మారినప్పుడల్లా పాళ్లు తప్పేవి. తరువాత ప్రతి సిలిండరు ముంగిట ఒక్కొక్క ఇంజెక్టరు పెట్టి, ఎప్పుడు ఎంత వదలాలో కంప్యూటరు నిర్ణయించే పద్ధతి వచ్చింది. దీనితో రెండు దారులు ఏర్పడ్డాయి. అవసరానికి మించి గాలిని పంపి, మిశ్రమాన్ని పలుచన చేసి మండించడం ఒకటి. దీనిలో వేడి తగ్గుతుంది, ఇంధనం ఆదా అవుతుంది. కాని మరీ పలుచనైతే మంట నడుమనే ఆరిపోయి, మండని మీథేను పొగగొట్టంలో నుండి బయటికి పోతుంది. గాలిని సరిగ్గా కావలసినంతే పంపి, పొగ మార్గంలో ఉత్ప్రేరకం గల పెట్టెను అమర్చడం రెండవది. ఆ పెట్టె నత్రజని ఆక్సైడులను, కర్బన మోనాక్సైడును, మండని వాయువును ఒకేసారి హానిలేని వాయువులుగా మార్చగలదు. అయితే పాళ్లు వెంట్రుకవాసి తప్పినా పనిచేయదు. ఇందుకోసం పొగలోని ప్రాణవాయువును క్షణక్షణం కొలిచే పరికరాన్ని అమరుస్తారు. 2020 ఏప్రిల్ నుండి మన దేశంలో భారత్ స్టేజ్ ఆరు అనే కఠిన ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త డీజిలు బస్సుకు మసిని పట్టే వడపోత, యూరియా ద్రావణాన్ని చిమ్మే అమరిక మొదలైన ఖరీదైన హంగులు తప్పనిసరి అయ్యాయి. మీథేనులో ఒక్కటే కర్బన పరమాణువు ఉండడం చేత మసి దాదాపు పుట్టదు కనుక వాయు బస్సుకు ఈ బరువు చాలవరకు తప్పింది.

ఇక మోసుకుపోవడం సంగతి. సాధారణ పీడనం వద్ద ఒక కిలో సహజవాయువు దాదాపు ఒకటిన్నర ఘనపు మీటర్ల చోటు ఆక్రమిస్తుంది. అందుచేత దానిని వాతావరణ పీడనానికి 200 రెట్ల పీడనంతో సిలిండర్లలో కుక్కుతారు. దీనినే సి.ఎన్.జి., అంటే సంపీడిత సహజవాయువు అంటున్నాం. ఒక చిన్న లెక్క వేసుకొందాం. ఒక బస్సులో 160 లీటర్ల డీజిలు పట్టే తొట్టి ఉన్నదనుకొందాం. అంత శక్తి వాయువులో కావాలంటే సుమారు 115 కిలోల సి.ఎన్.జి. ఉండాలి. దానిని నిల్వచేయడానికి దాదాపు 700 లీటర్ల సిలిండర్లు కావాలి. అంటే డీజిలుకంటె నాలుగు రెట్లకు మించిన చోటన్నమాట. ఉక్కు సిలిండరు లీటరుకు సుమారు ఒక కిలో బరువు తూగుతుంది. కాబట్టి బస్సు మీద ఆరేడు వందల కిలోల అదనపు ఇనుము ఎక్కుతుంది. పట్టణంలో తిరిగే బస్సుకు ఇది పెద్ద ఇబ్బంది కాదు. అది సాయంకాలానికి డిపోకు చేరి మళ్లీ నింపుకొంటుంది. అంబాజీపేట నుండి ఉత్తరభారతానికి కొబ్బరి మోసుకుపోయే లారీకి మాత్రం ఆ బరువు అంత సరుకు తగ్గించినట్లే. పైగా దారి పొడుగునా సి.ఎన్.జి. బంకు దొరుకుతుందన్న నమ్మకం ఉండాలి. సహజవాయువు ముందుగా లారీని కాక నగరపు బస్సును వరించడానికి కారణం ఇదే.

మన దేశంలో ఈ పరిజ్ఞానాన్ని పెద్దయెత్తున పరీక్షకు పెట్టినది ఢిల్లీ నగరం. అక్కడి గాలి పీల్చడానికి పనికిరాని స్థితికి చేరగా, ఎం.సి. మెహతా అనే న్యాయవాది వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1998 జూలై 28న నగరంలోని బస్సులన్నిటినీ 2001 మార్చి 31 నాటికి సి.ఎన్.జి.కి మార్చాలని ఆదేశించింది. ఆదేశం ఇవ్వడం సులభం. బస్సులు ఎక్కడివి, బంకులు ఎక్కడివి? వాయువు కోసం బస్సులు రాత్రింబవళ్లు బారులు తీరాయి. హడావుడిగా మార్పిడి చేసిన కొన్ని బస్సులలో మంటలు లేచాయి. గడువులు పొడిగించక తప్పలేదు. ఎట్టకేలకు 2002 డిసెంబరు నాటికి డీజిలు సిటీబస్సులు ఢిల్లీ వీధులనుండి తప్పుకొన్నాయి. ఆ నాలుగేళ్లలో అశోక్ లేలాండ్, టాటా మోటార్స్ వంటి సంస్థలు పాత ఇంజనుకు అతుకులు వేయడం మాని, కర్మాగారంలోనే వాయువుకు తగిన ఇంజనును, చట్రాన్ని, సిలిండర్ల అమరికను ఒక్కటిగా రూపొందించడం నేర్చుకొన్నాయి. న్యాయస్థానం ఒత్తిడి లేకపోతే మన ఇంజనీర్లకు ఆ అనుభవం ఇంకా ఎంత ఆలస్యంగా దక్కేదో చెప్పలేము.

ఢిల్లీకి వాయువు అందినది పడమటి తీరపు సముద్రగర్భం నుండి. తెలుగునేలకు ఆ అవసరం లేదు. కృష్ణా గోదావరి పరీవాహక ప్రాంతంలో నరసాపురం వద్ద 1978లో తొలిసారిగా వాయువు కనుగొన్నారు. ఆ తరువాత వసిష్ఠకు ఇవతల, రాజోలు పరిసరాలలో ఓ.ఎన్.జి.సి. అనేక బావులు తవ్వింది. తాటిపాక వాయువును సేకరించే కేంద్రంగా ఎదిగింది. 2001లో అక్కడ ఒక చిన్న చమురు శుద్ధి కర్మాగారం కూడ వెలసింది. ఈ ప్రాంతంలో దొరికిన వాయువు కాకినాడ ఎరువుల కర్మాగారానికి, జేగురుపాడు, విజ్జేశ్వరం, కొండపల్లి మొదలైన చోట్ల ఉన్న విద్యుత్కేంద్రాలకు గొట్టాలగుండా పయనించింది. గెయిల్, హిందూస్థాన్ పెట్రోలియం సంస్థలు కలిసి 2003లో భాగ్యనగర్ గ్యాస్ అనే సంస్థను నెలకొల్పిన తరువాత విజయవాడలో ఆటోలు, ఆర్.టి.సి. బస్సులు సి.ఎన్.జి.తో తిరగసాగాయి. కొండపల్లి దాకా గొట్టం ఉండడం ఆ నగరానికి కలిసివచ్చింది. తరువాత హైదరాబాదులోనూ ఈ బస్సులు కనిపించాయి. కాని అక్కడ వాయువు సరఫరా కోరినంతగా పెరగలేదు. 2009 ఏప్రిల్‌లో సముద్రగర్భంలోని డి–6 క్షేత్రం నుండి ఉత్పత్తి మొదలైనప్పుడు ఇక కొరత తీరినట్లేనని అందరూ ఆశపడ్డారు. రెండేళ్లు తిరగకముందే ఆ ఉత్పత్తి క్షీణించడం ఆరంభించింది. 2020 డిసెంబరు నుండి అక్కడి కొత్త బావుల వాయువు రావడం మొదలైన తరువాతనే మళ్లీ కొంత తేరుకొన్నది.

బావి కోనసీమది, బస్సు విజయవాడది! ఎరువు, విద్యుత్తు దేశమంతటికీ కావలసినవే. వాటికి మొదటి వాటా ఇవ్వడాన్ని తప్పుపట్టలేము. కాని గొట్టం తమ పొలం గట్టు పక్కనుంచి పోతున్నా తమ బస్సు డీజిలుతోనే నడుస్తున్నదని కోనసీమవాసులు అడగడంలో న్యాయం ఉన్నది. ఎందుకంటే వాయువు వలన కలిగిన కష్టంలో మాత్రం వారికి పెద్ద వాటాయే దక్కింది. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద తవ్వుతున్న బావి అదుపు తప్పి భగ్గుమన్నది. ఆ అగ్నిజ్వాల రెండు నెలలకు పైగా ఆరకుండా మండింది. విదేశీ నిపుణులు కూడ వచ్చి శ్రమిస్తే గాని మార్చి నడుమ వరకు అది అదుపులోకి రాలేదు. ఆ రోజులలో రాత్రివేళ కూడ దూరగ్రామాలకు వెలుగు కనిపించేదని చెప్పుకొంటారు.

రెండవ దుర్ఘటన మరింత దారుణమైనది. 2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో, తాటిపాక నుండి కొండపల్లికి పోయే గెయిల్ గొట్టం పగిలి వాయువు అంటుకొన్నది. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరిచెట్లు మాడిపోయాయి. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పొడి వాయువు కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవరూపపు చమురుపాలు కలిసిన తడి వాయువు ప్రవహించడం, దానివలన గొట్టం లోపల తుప్పు తినివేయడం ఈ ప్రమాదానికి దారితీసినట్లు విచారణలో వెల్లడైంది. మీథేను గాలికంటె తేలిక అని మొదట చెప్పుకొన్నాం. శుద్ధమైన మీథేను కారితే పైకి లేచి చెదరిపోతుంది. బరువైన చమురు ఆవిరులు కలిసిన వాయువు మాత్రం మంచువలె నేలనంటి పరచుకొని, నిప్పు ఉన్న చోటు దాకా పాకుతుంది.

ఈ సంగతి బస్సు ఇంజను పాఠంలో ఎందుకని అడగవచ్చు. ఇంజను కోరేదీ, గొట్టం కోరేదీ ఒకటే కనుక. వాయువు శుద్ధంగా, పొడిగా ఉండాలి. బస్సు సిలిండరులో 200 రెట్ల పీడనంతో ఉన్న వాయువును ఇంజనుకు అందించేముందు రెగ్యులేటరు అనే పరికరం ఆ పీడనాన్ని ఎన్నో రెట్లు తగ్గిస్తుంది. పీడనం అకస్మాత్తుగా పడిపోతే వాయువు గడ్డకట్టేటంత చల్లబడుతుంది. అందులో తేమ ఉంటే అక్కడికక్కడే మంచుబిళ్లగా మారి దారి మూసివేస్తుంది. నడివేసవిలో, రోహిణి ఎండలో మంచు పట్టి బస్సు ఆగిపోయిందంటే నమ్మశక్యంగా ఉండదు. కాని అట్లా ఆగగలదు. అందుకే ఇంజనును చల్లబరచి వేడెక్కిన నీటిని రెగ్యులేటరు చుట్టూ తిప్పుతారు. ప్రొపేను, బ్యూటేను వంటి బరువు వాయువులు ఎక్కువగా కలిస్తే ఆక్టేన్ బలం తగ్గి ఇంజను తన్నుకొంటుంది. కంప్రెసరు నుండి నూనె కలిసి వస్తే ఇంజెక్టర్ల రంధ్రాలు పూడిపోతాయి. వాయువును శుభ్రపరచడంలో చూపిన అశ్రద్ధ ఇంజనులోనైతే చెడిన బస్సుగా, ఊరిమధ్య గొట్టంలోనైతే నగరంగా పరిణమిస్తుంది.

బస్సు మీద ఉన్న సిలిండర్ల విషయంలోను ఇంతే జాగ్రత్త అవసరం. చట్టం ప్రకారం వాటిని మూడేళ్లకొకసారి నీటి పీడనంతో పరీక్షించాలి. పరీక్ష జరిగిన తేదీని సిలిండరు మీద చెక్కుతారు. పరీక్ష గడువు దాటిన సిలిండరును నింపకూడదు. ప్రయాణికులు కూర్చొన్న కింద ఇంత పీడనం ఉన్నదంటే భయం కలగడం సహజం. కాని సక్రమంగా తయారై, వేళకు పరీక్ష జరిగిన సిలిండరు ఢీకొన్నా తట్టుకొనేటట్లే రూపొందుతుంది. మితిమీరి వేడెక్కితే దానంతట అదే తెరుచుకొని వాయువును బయటికి వదిలే రక్షణ బిరడా కూడ ఉంటుంది. ప్రమాదమంతా దొంగచాటుగా బిగించిన నాసిరకం సిలిండర్లతోనే.

2016లో గోదావరి గ్యాస్ అనే సంస్థ ఏర్పడి, ఉభయగోదావరి జిల్లాలలో ఇళ్లకు గొట్టపు వాయువును, వాహనాలకు సి.ఎన్.జి.ని అందించే బాధ్యత స్వీకరించింది. గొట్టం పోని ఊళ్లకు కూడ వాయువును చేర్చే ఉపాయం ఉన్నది. గొట్టం మీద ఉన్న తల్లి కేంద్రంలో వాయువును కుక్కిన సిలిండర్ల వరుసలను లారీ మీద పిల్ల కేంద్రానికి తీసుకుపోతారు. ఖర్చు కొంత పెరుగుతుంది. వాహనాలు బాగా పెరిగిన తరువాతనే అక్కడికి గొట్టం వేయడం గిట్టుబాటవుతుంది. బంకు లేనిదే బస్సు కొనరు, బస్సు లేనిదే బంకు పెట్టరు. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు అన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది. ఈ ముడిని విప్పగలిగినది రవాణా సంస్థే. ఒక డిపోలోని బస్సులన్నీ వాయువుకు మారితే ఆ ఊళ్లో బంకు నిలదొక్కుకొంటుంది. దాని నీడన ఆటోలు, చిన్న ట్రక్కులు తామే వచ్చి చేరతాయి.

దూరప్రయాణపు లారీకి మరొక మార్గం ఏర్పడుతున్నది. మీథేనును సున్నాకు దిగువన 162 డిగ్రీలకు చల్లబరిస్తే ద్రవమై ఆరువందలవ వంతు చోటులో ఇమిడిపోతుంది. దీనినే ఎల్.ఎన్.జి. అంటారు. ఇంట్లో వేడినీళ్లు పోసుకొనే ఫ్లాస్కు వంటి జంట గోడల తొట్టిలో దీనిని నిల్వ చేస్తారు. 2016 నవంబరులో తిరువనంతపురంలో ఎల్.ఎన్.జి.తో నడిచే బస్సును మన దేశంలో తొలిసారిగా ప్రదర్శించారు. బరువు తక్కువ, ఒకసారి నింపితే వందల కిలోమీటర్ల ప్రయాణం. లోపమొక్కటే. లారీని రోజుల తరబడి కదపకుండా ఉంచితే లోపలి ద్రవం మెల్లగా ఆవిరై పీడనం పెరుగుతుంది. కెనడాలోని ఒక విశ్వవిద్యాలయంలో మొలకెత్తిన పరిశోధన ఫలితంగా, చిటికెడు డీజిలును ముందు చిమ్మి, దాని మంటతో వాయువును వెలిగించే ఇంజను కూడ రూపొందింది. ఇందులో కుదింపు తగ్గించనక్కరలేదు కనుక డీజిలు ఇంజను పొదుపు చాలవరకు నిలుస్తుంది. ఐరోపా రోడ్లమీద ఇట్టి లారీలు తిరుగుతున్నాయి.

వాయువును పొగడడంలో మితం పాటించాలి. సమానమైన శక్తికి మీథేను వెలువరించే బొగ్గుపులుసు వాయువు డీజిలు కంటె నాలుగవ వంతు తక్కువ. కాని స్పార్కుప్లగ్గు ఇంజను ఎక్కువ ఇంధనం తాగుతుంది కనుక ఆ లాభంలో కొంత కరిగిపోతుంది. మండకుండా తప్పించుకొన్న మీథేను వాతావరణాన్ని వేడెక్కించడంలో, నూరేళ్ల లెక్కన చూస్తే, బొగ్గుపులుసు వాయువుకంటె 28 రెట్లు బలమైనది. బావి వద్ద, గొట్టంలో, ఇంజనులో కారిపోయేదాన్ని అరికట్టకపోతే ఒక చేత్తో ఇచ్చి మరో చేత్తో లాక్కొన్నట్లే అవుతుంది. మరొకవైపు విద్యుత్ బస్సులు రంగప్రవేశం చేశాయి. 2022లో తిరుపతి, తిరుమలల మధ్య ఆర్.టి.సి. వాటిని నడపనారంభించింది. పట్టణపు బస్సు విషయంలో రేపటి పోటీ డీజిలుకు, వాయువుకు మధ్య కాక వాయువుకు, విద్యుత్తుకు మధ్య జరగవచ్చు. బరువు మోసే లారీ విషయంలో మాత్రం వాయువుకు ఇంకా చాలాకాలం పని ఉన్నది.

బావులు ఎప్పటికైనా ఎండిపోయేవే. కాని మీథేను నేల అడుగునే పుట్టాలని నియమం లేదు. పశువుల పేడ, కుళ్లిన కూరగాయలు, గెల కోసిన తరువాత పొలంలో మిగిలే అరటిబోదెలు గాలి చొరని తొట్టిలో ముగ్గితే వాయువు పుడుతుంది. దానిలో నూటికి 55 నుండి 60 వంతులు మీథేనే. తక్కినది చాలవరకు బొగ్గుపులుసు వాయువు, కొద్దిపాటి గంధకపు వాయువు. వాటిని వేరుచేసి కుదిస్తే అది సి.ఎన్.జి.కి సమానమవుతుంది. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన సతత్ పథకం ఇట్టి వాయువును చమురు సంస్థలు కొనుగోలు చేసేటట్లు ఏర్పాటు చేసింది. అరటి, కొబ్బరి, పాడి మూడూ ఉన్న పలివెల వంటి గ్రామాలలో ముడిపదార్థానికి లోటు లేదు. దానిని రోజూ సేకరించి, తేమ, గంధకం లేకుండా శుభ్రపరచి, నమ్మకంగా అందించడమే కష్టమైన పని. తొట్టిలో పుట్టినా, బావిలో దొరికినా, శుద్ధమైన మీథేను అందితే బస్సు ఇంజనులో ఒక్క మరను కూడ మార్చనక్కరలేదు.

ప్రశ్నలు

1. డీజిలు ఇంజనును సహజవాయువు ఇంజనుగా మార్చేటప్పుడు ఏయే భాగాలను మార్చాలి? ఎందుకు?

2. సహజవాయువు నగరపు బస్సుకు అనుకూలించినంతగా దూరప్రయాణపు లారీకి ఎందుకు అనుకూలించలేదు?

3. నగరం దుర్ఘటనకు, బస్సు ఇంజనుకు అందించే వాయువు శుద్ధికి గల సంబంధాన్ని వివరించండి.

4. మీ ఊరి బస్సుడిపోకు వెళ్లి ఒక బస్సు రోజుకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుందో, ఎంత డీజిలు వాడుతుందో తెలుసుకోండి. అంతే శక్తి ఇవ్వడానికి ఎన్ని కిలోల సి.ఎన్.జి. కావాలో పాఠంలోని లెక్క ఆధారంగా కట్టండి.